ఊరి చెరువు గట్టున విశ్వవిద్యాలయం పాఠం
(పెన్షనర్ల దినోత్సవం నాడు మన శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని పింఛను ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదని తేలింది. కరువు భత్యం బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి చెప్పవలసినదంతా నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పేశారు. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ ఇరవై నిమిషాల్లో మన డిమాండ్లలో లేని విషయం ఒకటి మనవి చేస్తాను. గత రెండేళ్లుగా నేను విశ్వవిద్యాలయం పిల్లలకు పాఠం చెబుతున్నాను. నవ్వకండి. నేను 1972లో గుమాస్తాగా చేరి 2007లో సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. బి.ఏ. దాటి చదవలేదు. అయినా పిలిచారు, వెళ్లాను.

పిలిచింది నాతో పనిచేసిన ఒక మిత్రుడి కుమారుడు. మన జిల్లాలోనే ఎం.ఏ. విద్యార్థులకు సుస్థిరాభివృద్ధి అనే పేపరు చెబుతున్నాడు. "పెదనాన్నా, మా పిల్లలకు ఐక్యరాజ్యసమితి లక్ష్యాలు పదిహేడూ నోటికి వచ్చు. వాళ్ల ఊళ్లో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో మాత్రం తెలియదు. మీరు రెవెన్యూలోనూ చిన్న నీటిపారుదలలోనూ చేశారు కదా, వచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నాడు. 2024 జనవరిలో మొదటిసారి వెళ్లాను. ముప్ఫై మందికి పైగా ఉన్నారు, సగానికి మించి ఆడపిల్లలే. దాదాపు అందరూ పల్లెల నుంచి వచ్చినవారే.

మొదటి రోజు ఒకటే అడిగాను. మీ ఊరి చెరువు పేరేమిటి, దాని కింద ఆయకట్టు ఎంత, తూములు ఎన్ని, మరవ ఏ దిక్కున ఉంది? మన సీమలో మరవ అంటాం, కోస్తాలో అలుగు అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. ఎవరూ పలకలేదు. చివరికి వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "మా ఊళ్లో చెరువు ఉండేదంట సార్" అన్నాడు. ఆ "ఉండేదంట" అనే మాట దగ్గరే నా పాఠం మొదలుపెట్టాను.

పుస్తకంలోని సంగతి కూడా చెప్పాలి కదా. అది చకచకా చెప్పేశాను, మీకూ అలాగే చెబుతాను. 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ప్రపంచ సభ జరిగింది. మన ప్రధాని ఇందిరా గాంధీ వెళ్లి మాట్లాడారు. పేదరికాన్ని పక్కన పెట్టి పర్యావరణం గురించి మాట్లాడలేమన్నది ఆమె చెప్పినదాని సారం. 1987లో నార్వే ప్రధాని బ్రంట్‌లాండ్ అధ్యక్షతన ఒక సంఘం నివేదిక ఇచ్చింది. సుస్థిరాభివృద్ధి అనే మాటకు ఇప్పుడు అందరూ చెప్పుకునే అర్థం అందులోనిదే. 1992లో రియోలో జరిగిన సభలో ఎజెండా 21 అని నలభై అధ్యాయాల పత్రం తయారైంది. అందులో 28వ అధ్యాయం స్థానిక సంస్థల గురించి, 36వ అధ్యాయం చదువు గురించి. 2015 సెప్టెంబరులో పదిహేడు లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు పెట్టి 2030 గడువు విధించారు. మన కార్యాలయాల్లో పనిచేసినవారికి ఈ వరస కొత్త కాదు. పైనుంచి సర్క్యులరు వస్తుంది, దానికి ఒక ప్రొఫార్మా ఉంటుంది, దానికి ఒక గడువు ఉంటుంది.

ఇక సుస్థిరాభివృద్ధి అంటే ఏమిటి? ఇప్పుడున్నవాళ్ల అవసరాలు తీరాలి, రాబోయేవాళ్లు తమ అవసరాలు తీర్చుకోవడానికి అడ్డం రాకూడదు. ఈ మాట పిల్లలు గడగడా అప్పజెప్పారు. అర్థమైందా అంటే అయిందన్నారు. నేను బోర్డు మీద కమ్యుటేషన్ లెక్క వేశాను. రిటైరైన రోజున పింఛనులో కొంత భాగం అమ్ముకుంటాం. రొక్కం చేతికి వస్తుంది, పిల్ల పెళ్లో ఇల్లో జరుగుతుంది. ఆ తరువాత నెలనెలా తగ్గిన పింఛనుతో బతుకుతాం. పదిహేనేళ్లకు తగ్గించిన భాగం తిరిగి కలుస్తుంది. (ఆ పదిహేనేళ్లు ఎక్కువన్నది మన వాదం. దాని సంగతి వేరే సభలో చూసుకుందాం.) భూగర్భజలాన్ని కూడా మనం అలాగే కమ్యూట్ చేసుకున్నాం. మా నాయన తవ్వించిన బావిలో నా చిన్నప్పుడు ముప్ఫై అడుగుల్లో నీళ్లుండేవి. అదే చేలో ఇప్పుడు ఆరు వందల అడుగుల బోరు ఉంది. రొక్కం మనం తీసుకున్నాం. తగ్గిన పింఛనుతో బతకవలసింది వీళ్లు. పదిహేనేళ్లకు తిరిగి కలుపుతామని జీవో ఇచ్చినవాడెవడూ లేడు. ఈ లెక్క వేశాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. ఒక అమ్మాయి మాత్రం, "అంటే మీరు అమ్ముకున్నది మా పింఛనా సార్?" అంది. అవునమ్మా అన్నాను.

రెండో వారం పోరుమామిళ్ల శాసనం పాఠం. మన జిల్లావాళ్లు ఎంతమంది ఆ చెరువును చూశారో నాకు తెలియదు గాని, దాన్ని తవ్వించిన సంగతి రాతి మీద ఉంది. శక సంవత్సరం 1291, అంటే 1369. విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడు అని కూడా పేరు, ఉదయగిరి నుంచి ఏలుతూ దాన్ని కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. ఒక విద్యార్థి అక్కడికక్కడే సెల్‌ఫోనులో గుణించి, సెలవులు తీసివేయకపోతే ఏడు లక్షల పైచిలుకు పనిదినాలు సార్ అన్నాడు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఆ చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల్లో చేర్చింది. అదే ఏడాది కంభం చెరువునూ, కె.సి. కాలువనూ చేర్చింది.

ఆ శాసనంలో నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో వరుసగా రాశారు. మన ఇంజనీర్ల ఎస్టిమేటులో మొదటి పేజీ రిపోర్టులాంటిదే అది. ధర్మం తప్పని రాజు, చేతిలో డబ్బున్న రాజు, పేరు కావాలని కోరిక ఉన్న రాజు మొదట ఉండాలన్నాడు. పేరు కోరడం తప్పని అనలేదు చూడండి, అదీ ఒక అర్హతే! నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి. నేల గట్టి బంకమట్టి నేల కావాలి. తియ్యని నీళ్లున్న ఏరు రావాలి. ఆనుకుని కొండలు ఉండాలి, వాటి మధ్య రాతికట్ట మరీ పొడుగు కాకుండా గట్టిగా ఉండాలి. చెరువు గర్భం వెడల్పుగా, లోతుగా ఉండాలి. మంచి రాయి దొరికే గని కావాలి. పని తెలిసిన మనుషుల జట్టు కావాలి.

ఇక దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి. చవిటి నేల రెండు. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం మూడు. ఇది చదవగానే క్లాసంతా గొల్లుమన్నారు, కృష్ణా జలాల పంచాయితీ అందరికీ తెలిసిందే కదా. చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం నాలుగు. నీళ్లు తక్కువై కింద పారవలసిన భూమి ఎక్కువ కావడం ఐదు. నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం ఆరు.

ఐదో దోషం మీద గంటసేపు మాట్లాడుకున్నాం. నీళ్లు తక్కువ, ఆయకట్టు ఎక్కువ. మన మండలాల్లో ఇవాళ్టి పరిస్థితికి ఇంతకన్నా పొట్టి నివేదిక ఎవరూ రాయలేరు. కట్టేముందే నీటికి తగినంత భూమి చూసుకోమని 650 ఏళ్ల కిందట రాతి మీద చెక్కారు. ఇది ప్రపంచ లక్ష్యాల్లో ఎన్నోది అని అడిగాను. ఆరోది నీరు అన్నారు కొందరు, పన్నెండోది వినియోగం అన్నారు మరికొందరు, రెండోది ఆకలి అన్నాడొకడు. మూడూ సరే అన్నాను. లక్ష్యాలు కాగితం మీద పదిహేడు గళ్లలో ఉంటాయి గాని, చెరువు గట్టున నిలబడితే గళ్లు చెరిగిపోతాయి.

అయితే రాజు కట్టించిన చెరువు ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందన్నది పిల్లలకు వచ్చిన సందేహం. దానికి జవాబు మన రికార్డు గదుల్లో ఉంది. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి దశబంధం ఇనాము అనే మాట గుర్తుండే ఉంటుంది. చెరువు కట్టినవాడికీ బాగుచేసేవాడికీ ఇచ్చిన మాన్యం అది. మన కడప, అనంతపురం వైపు అవి విరివిగా ఉండేవి. నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. ఏటా పూడిక తీసేందుకు, కాలువ బాగుచేసేందుకు ఊరంతా చేసే పనిని కుడిమరమ్మతు అనేవారు. దాన్ని నిలబెట్టడానికి దొరలు 1858లో చట్టమే చేశారు. 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టి చెరువు చెరువుకూ వివరాలు రాయించడం మొదలుపెట్టింది. ఆ మెమోయిర్లు నేను పనిచేసిన సెక్షన్లో బీరువా నిండా ఉండేవి. ఏ వంక నుంచి నీరు వస్తుంది, ఎంత మేర నుంచి వస్తుంది, పూర్తిమట్టం ఎంత, తూము అడుగు ఎక్కడ, మరవ పొడవు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. చెదలు తినగా మిగిలినవి ఇప్పటికీ పనికొస్తాయి.

విశ్వవిద్యాలయంలో పిల్లలు ఉపగ్రహ చిత్రాలు చూడడం నేర్చుకున్నారు. అది గొప్ప చదువే, నేను కాదనను. కంప్యూటరు తెర మీద చెరువు నీలంగా కనిపిస్తుంది, ఏ ఏడాది ఎంత ఎండిందో కూడా చెబుతుంది. కాని ఆ నీలం మచ్చ సరిహద్దు ఎవరి సర్వే నంబరులో ఉందో అది చెప్పదు. అందుకని డైగ్లాటు ఎలా చదవాలో చెప్పాను. ఎఫ్.ఎం.బి. పటంలో గొలుసు, లింకులు అంటే ఏమిటో చెప్పాను. అడంగల్లో ఏ గడిలో ఏముంటుందో చెప్పాను. వంక పోరంబోకు, చెరువు పోరంబోకు అంటే ఏమిటో, పట్టాకూ అనుభవానికీ తేడా ఏమిటో చెప్పాను. 1984లో కరణాలు, మునసబుల పద్ధతి రద్దయినప్పుడు ఊళ్లు తిరిగి రికార్డులు స్వాధీనం చేసుకున్న బృందంలో నేనూ ఒకణ్ణి. కరణం మనసులో ఉన్న రికార్డు మాత్రం అప్పుడు ఎవరికీ స్వాధీనం కాలేదు. ఏ గట్టు ఎప్పుడు జరిగిందో, ఏ తూము ఎందుకు పూడ్చారో అతనికే తెలుసు. మన తరానికి తెలిసినదీ అలాగే పోతుందేమోనని అనిపించింది గనకే ఈ వయసులో బస్సెక్కి క్లాసుకు వెళుతున్నాను.

ఇప్పుడు అసలు కథ. విశ్వవిద్యాలయానికి దగ్గరలోని ఒక ఊరి చెరువును మేం ఎంచుకున్నాం. ఊరి పేరు చెప్పను. వ్యవహారం ఇంకా నడుస్తోంది, పైగా ఆ ఊరి అల్లుళ్లు ఈ సభలో ఇద్దరున్నారు. మెమోయిర్ ప్రకారం దాని ఆయకట్టు రెండు వందల ఎకరాల పైమాటే. ఇప్పుడు చెరువు నీళ్లతో పారేది అందులో అయిదో వంతు కూడా లేదు, మిగతాదంతా బోర్ల మీదే. చెరువుకు నీళ్లు తెచ్చే వంక నాలుగు కిలోమీటర్లు ఉంటుంది.

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆదివారం ఆదివారం వెళ్లాం. పిల్లలు జట్లుగా విడిపోయి టేపు, ఎఫ్.ఎం.బి. నకళ్లు పట్టుకుని వంక వెంట నడిచారు. ఊళ్లో వెనకటి నీరుగంటి ఒకాయన ఉన్నాడు, ఎనభై దాటాయి. కర్ర పోటేసుకుంటూ వచ్చి సర్వే రాళ్లు ఎక్కడెక్కడ ఉండేవో చూపించాడు. పటంలో ముప్ఫై అడుగుల వంక నేల మీద కొన్నిచోట్ల ఆరడుగులే ఉంది. ఒకచోట రోడ్డు వేసినప్పుడు పెట్టిన తూము మట్టితో మూసుకుపోయింది. రెండుచోట్ల చేలు వంకలోకి జరిగాయి. చెరువు లోపలి వైపు, పూర్తిమట్టం రాయికి ఇవతల, ఎవరో ప్లాట్లకు రంగు రాళ్లు పాతారు. "ఇంత వంకకు ఏం నీళ్లు వస్తాయి తాతా?" అని పిల్లలు అడిగారు. "వంకకు నీళ్లు తెలుసురా నాయనా, దావే తెలియకుండా చేసినారు" అన్నాడా పెద్దాయన.

సాయంత్రం గట్టు మీద లెక్క వేయించాను. ఒక ఎకరం మీద ఒక అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్లు. వెయ్యి ఎకరాల మీద అయితే పది కోట్లు. అంతా చెరువుకు రాదు. నేల తాగుతుంది, ఆవిరి అవుతుంది. వచ్చే కొద్దిదీ రావడానికి ముప్ఫై అడుగుల దారి ఉండేది, ఇప్పుడు ఆరడుగులే మిగిలింది. ఆ లెక్క చూశాక, సాధారణ వర్షపాతం పడిన ఏడు కూడా చెరువు ఎందుకు నిండలేదో నేను చెప్పవలసిన పని లేకపోయింది.

వంకలోకి జరిగిన చేలలో ఒకటి మా క్లాసు అమ్మాయి వాళ్లదే. ఆ పిల్ల ఆ ఊరిదే. తన జట్టు ఆ గట్టు దగ్గరికి వచ్చేదాకా తనకూ తెలియదు. అరవై రెండు సెంట్లు వంక పోరంబోకు వాళ్ల చేలో కలిసి ఉంది, వాళ్ల తాత కాలం నుంచే. టేపు పట్టుకుని నిలబడి నా వైపు చూసి, "సార్, ఇది కూడా రాయాలా?" అంది. కొలత ఎంత వస్తే అంత రాయమ్మా అన్నాను. రాసింది. సున్నా కూడా వంకర పోకుండా స్పష్టంగా రాసింది. తరువాత రెండు ఆదివారాలు రాలేదు. ఆ మధ్యలో ఆమె తండ్రి బస్టాండులో నాకు ఎదురుపడ్డాడు. "ఏం సార్, సదువు చెప్పమని పంపిస్తే మా చేనే కొలిపిస్తా ఉండారే" అన్నాడు. కోపంగా అనలేదు, బాధగా అన్నాడు. ఆయనకు ఉన్నదే మూడెకరాలు. ఆయన పక్కన కూర్చుని టీ తాగాను. పటం చూపించాను. ఆ చెరువు నిండితే ఆయన బోరే మొదట ఊరుతుందని కూడా చెప్పాను. ఆయన ఏమీ అనకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. మూడో ఆదివారం ఆ పిల్ల వచ్చింది. ఎందుకు రాలేదని నేను అడగలేదు.

ఆ తరువాత ఎన్నికల నియమావళి వచ్చింది. మార్చి మధ్య నుంచి జూను మొదటి వారం దాకా ఎవరినీ ఏమీ అడగడానికి లేకపోయింది. మన సర్వీసులో ఎన్ని ఫైళ్లు ఆ గుంటలో పడి నిద్రపోలేదు! ఈలోగా పిల్లలు పటం, కొలతల పట్టిక శుభ్రంగా తయారు చేశారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా గ్రామసభలు జరిగిన రోజున ఆ ఊరి సభలోనే దాన్ని పెట్టారు. 73వ రాజ్యాంగ సవరణలోని పదకొండో షెడ్యూలు కాగితం నేను ముందే ఇచ్చాను. పంచాయతీలకు చెప్పిన ఇరవై తొమ్మిది విషయాల్లో మూడోది చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. 1992లో రియోలో స్థానిక సంస్థల గురించి రాసుకున్న ఏడాదే మన పార్లమెంటు ఈ సవరణ చేసింది. ఒకదాన్ని చూసి ఒకటి చేశారని నేను అనను. కాని ప్రపంచ పత్రాన్ని మన ఊరికి తెచ్చే తలుపు అదేనని పిల్లలకు చెప్పాను.

సభలో రభస జరిగింది. జరగకపోతే అది గ్రామసభే కాదు. "మీరెవరు మా ఊరికొచ్చి చెప్పడానికి?" అన్నారు కొందరు. అప్పుడు ఆ పిల్ల తండ్రి లేచాడు. "నాది అరవై రెండు సెంట్లు ఉంది. నా కూతురే రాసింది. అందరివీ తీస్తే నాదీ తీయండి. నాదొక్కటే తీస్తే ఊరుకోను" అన్నాడు. సభ కాసేపు నిశ్శబ్దమైపోయింది. ఆ మాట మీదే తీర్మానం జరిగింది. సెప్టెంబరులో ఆయకట్టు రైతులు ఎకరానికి ఇంత అని వేసుకుని జె.సి.బి. పెట్టించారు. మూసుకున్న రోడ్డు తూము తెరిచారు, రెండు చేల గట్లు వెనక్కి జరిపారు. అక్టోబరు వానలకు చెరువులోకి మూడో వంతు నీళ్లు వచ్చాయి. మరవ పారలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

రంగు రాళ్ల ప్లాట్ల సంగతి మాత్రం తేలలేదు. ఆ అర్జీ ఒక కార్యాలయంలో ఉంది. పేరు అనవసరం. మూడుసార్లు వెళ్లాం, "పరిశీలనలో ఉంది" అన్నారు. ఆ వాక్యం మనలో ఎంతమంది ఎన్నిసార్లు రాసి ఉంటారో! నిజం చెప్పాలంటే, మూడెకరాల రైతు చేను వెనక్కి జరిగింది గాని ప్లాట్ల రాయి జరగలేదని పిల్లలు నన్ను నిలదీశారు. నా దగ్గర ఉన్న జవాబు కాగితాలే. చెరువులు, కుంటలు సమాజం ఉమ్మడి సంపద, వాటిని కాపాడాలని 2001లో హించ్ లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. ఆ తీర్పుల నకళ్లు అర్జీకి జతచేశాం. ఈ ఏడు వచ్చిన రెండో జట్టు దాని వెంటపడుతోంది.

పిల్లల్లో ఒక తెలివైన కుర్రవాడు చివరి క్లాసులో అడిగాడు. "సార్, లోకంలో ఎక్కడో పొగ గొట్టాలు వదిలే పొగకు మన వానలు మారిపోతున్నాయంటున్నారు. మనం ఒక వంక తవ్వితే ఏమవుతుంది?" మంచి ప్రశ్న. దీనికి తియ్యని జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక వంకతో భూతాపం తగ్గదు. పెద్ద దేశాలు చేయవలసినది అవి చేయాలి, చేయకపోతే అడగాలి. కాని వానలు అదుపు తప్పి, పడితే కుండపోతగా, లేకపోతే లేనట్టుగా మారుతున్నప్పుడు, పడిన రోజున పట్టి ఉంచే పాత్ర కావాలి. మన జిల్లాకు ఏడాదికి వచ్చేదే దాదాపు 700 మిల్లీమీటర్లు. ఆ పాత్ర మన పెద్దలు కట్టి ఇచ్చారు. దాని దారి మూసుకుని ఐక్యరాజ్యసమితిని తిట్టుకుంటే నీళ్లు రావు. పదిహేడు లక్ష్యాల్లో 6.6 అని ఒక ఉపలక్ష్యం ఉంది. చెరువులు, ఏరులు, భూగర్భజలాలు వంటి వాటిని 2020కల్లా కాపాడి పునరుద్ధరించాలని. 2020 వచ్చింది, పోయింది. మొత్తం ఉపలక్ష్యాల్లో సరైన దారిలో నడుస్తున్నవి 17 శాతమే అని ఐక్యరాజ్యసమితి 2024 నివేదికే రాసింది. పైవాళ్ల గడువులు అలా ఉన్నాయి గనక మనం మన వంక తవ్వకుండా ఆగాలా అని తిరిగి అడిగాను. ఆ కుర్రవాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమూ మంచిదే, పరీక్షలో మార్కుల కోసం ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక్కడ నాకొక ఫిర్యాదు ఉంది, అది చదువు మీద. 1991లో సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పమంది. ఆ తరువాత డిగ్రీ పిల్లలందరికీ అది వచ్చింది. రావడం మంచిదే. కాని చాలాచోట్ల అది గైడు కొని పరీక్ష ముందు రాత్రి చదివే పేపరైంది. జూను 5న ఒక మొక్క నాటుతారు, ఎనిమిది మంది దాని చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. మరుసటి ఏడు అదే గుంటలో ఇంకో మొక్క. నేను మొక్కలకు విరోధిని కాను. కాని ఒక్క చెరువు కాగితాలు చదివి, ఒక్క వంక నడిచి, ఒక్క గ్రామసభలో కూర్చున్న విద్యార్థికి తెలిసేది ఆ ఫోటోలో తెలియదు. ఎవరి భూమి, ఎవరి నీరు, ఎవరు ఎవరిని ఒప్పించాలి, ఎంత ఓపిక పట్టాలి అన్నది గైడులో ఉండదు.

సోదరులారా, మన దగ్గర డబ్బు లేదు, అధికారం ఎప్పుడో దిగిపోయాం. ఉన్నది జ్ఞాపకం. ఏ రికార్డు ఏ కార్యాలయంలో ఏ బీరువాలో ఉంటుందో, అర్జీ ఎలా రాస్తే తిరిగి రాదో, రసీదు ఎందుకు తీసుకోవాలో మనకు తెలుసు. ఇంజనీరింగు శాఖల నుంచి వచ్చినవారికి మట్టాలు తెలుసు. సర్వే శాఖవారికి గొలుసు తెలుసు. పంచాయతీరాజ్ నుంచి వచ్చిన సోదరీమణులకు గ్రామసభ మినిట్సు ఎలా రాయించాలో తెలుసు. ఉపాధ్యాయ పెన్షనర్లకు పిల్లలను అదుపులో పెట్టడం తెలుసు, అది నాకు చేతకావడం లేదు. మన మనవలూ మనవరాళ్లూ ఆ విశ్వవిద్యాలయాల్లోనే చదువుతున్నారు. వాళ్లు పెద్ద ఉద్యోగాలకు ఎక్కడికో వెళ్లవచ్చు, వెళ్లనివ్వండి. వెళ్లేముందు ఒక ఆదివారం మనతో గట్టు మీద నడవమనండి.

రెండో జట్టులో ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లకు నాలుగు చెరువులు ఇవ్వాలని లెక్చరరుగారి ఆలోచన. నేనొక్కణ్ణి నాలుగు చోట్ల ఉండలేను, పైగా ఎడమ మోకాలు మాట వినడం లేదు. వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు మన సంఘం ఆఫీసు దగ్గర బస్సు ఉంటుంది. ఎండ ముదరకముందే, పదిన్నరకల్లా పని ముగించి దించేస్తారు. టోపీ, మంచినీళ్ల సీసా, బి.పి. మాత్రలు మరిచిపోవద్దు. షుగరు ఉన్నవారు ఏదైనా తినే రండి. పాత ఎఫ్.ఎం.బి. నకళ్లో, మెమోయిర్ కాగితాలో ఇంట్లో అటక మీద ఉన్నవారు వాటిని కూడా తెండి, జెరాక్సు తీయించి అసలు కాగితాలు అక్కడే తిరిగి ఇచ్చేస్తాం. రాదలచినవారు కోశాధికారిగారి దగ్గరున్న పుస్తకంలో పేరు, ఫోను నంబరు, పనిచేసిన శాఖ రాసి వెళ్లండి.